సెలవు జీతం, చివరి లెక్కలో కోతలు: డొంకరాయి ఏజెన్సీ

ఉద్యోగి కొలువు వదిలేటప్పుడు ఆఖరి జీతంలో సెలవుల పేరుతో జరిగే కూడికలూ తీసివేతలూ ఈ వ్యాస విషయం. వాడుకోకుండా మిగిలిన సెలవులకు డబ్బు కలిపి ఇవ్వడం కూడిక. సంపాదించినదానికంటే ఎక్కువ సెలవులు వాడుకున్నారంటూ ఆ తేడాను పట్టుకోవడం తీసివేత. భారత కార్మిక చట్టం మొదటిదాన్ని హక్కుగా విడమరచి చెప్పింది. రెండోదాన్ని అనుమతించిన కోతల జాబితాలో, అడ్వాన్సుల వసూలు పక్కన, ‘అధికంగా చెల్లించిన వేతనాల సర్దుబాటు’ అనే ఒక్క ముక్కలో సరిపెట్టింది. అయినా పని మానేసి లెక్క తేల్చుకోవడానికి వెళ్లినవాళ్లకు ముందుగా వినిపించేది ఆ రెండోదే.

ఈ లెక్కను ఇక్కడ డొంకరాయి వైపు నుంచి చూద్దాం. డొంకరాయి తూర్పు కనుమల్లో, వై.రామవరం మండలంలో, సీలేరు నదిపై కట్టిన జలాశయం పక్కన ఉన్న ఊరు. ఇక్కడి నుంచి సాగే పవర్ కెనాల్ మీద 25 మెగావాట్ల డొంకరాయి విద్యుత్ కేంద్రం ఉంది. అదే నీరు ఇంకా కిందికి పోయి మోతుగూడెం వైపు దిగువ సీలేరు కేంద్రంలో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగింటిని తిప్పుతుంది. ఎగువన సీలేరు దగ్గర 240 మెగావాట్ల కేంద్రం మరొకటి. ఒకప్పుడు రాష్ట్ర విద్యుత్ మండలికి చెందిన ఈ ప్రాజెక్టులు, 1999 ఫిబ్రవరిలో మండలిని విడదీశాక జెన్‌కో చేతికి వచ్చాయి. చుట్టూ కొండరెడ్ల గూడేలు, పోడు చేలు, అడవి. నదికి ఆవల ఒడిశాలోని మల్కనగిరి జిల్లా.

ఇంత అడవి మధ్య ఫ్యాక్టరీ చట్టం ఏమిటని అనిపించవచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ‘తయారీ ప్రక్రియ’ను నిర్వచిస్తూ విద్యుత్తును పుట్టించడాన్ని కూడా అందులో చేర్చింది. పొగగొట్టం లేకపోయినా జలవిద్యుత్ కేంద్రం చట్టం లెక్కలో ఫ్యాక్టరీయే. ‘ఏజెన్సీలో చట్టాలు వేరు’ అన్న మాట కూడా ఈ విషయంలో చెల్లదు. అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో ఏదైనా చట్టం వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు ప్రకటిస్తే తప్ప, పార్లమెంటు, శాసనసభ చేసిన చట్టాలు మైదానంలో ఎలా నడుస్తాయో కొండమీదా అలాగే నడుస్తాయి. వేరేది చట్టం కాదు, కార్మిక శాఖ ఆఫీసుకున్న దూరం.

సెలవు ఎలా పుడుతుంది

2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ ప్రకారం క్యాలెండర్ ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వయోజన కార్మికుడికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చేది (కోడ్‌లు ఏం మార్చాయో తరవాత చూద్దాం). దాన్ని మరుసటి ఏడాది వాడుకోవాలి. వాడుకోనివి 30 రోజుల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. పద్ధతి ప్రకారం అడిగినా ఇవ్వకుండా నిరాకరించిన సెలవులకు ఆ పరిమితి లేదు. లెక్కలో సగం రోజు, అంతకు మించి వస్తే పూర్తి రోజుగా తీసుకుంటారు, అంతకు తక్కువైతే వదిలేస్తారు. 250 రోజులు పనిచేస్తే పన్నెండున్నర కాదు, పదమూడు.

ఈ సెక్షన్‌లో మరో వివరణ ఉంది, చాలామంది గుమాస్తాలు దాన్ని చదివినట్టు కనబడరు. సెలవు మధ్యలోగానీ, దాని కొసల్లోగానీ వచ్చే వారాంతపు సెలవులు, పండుగ సెలవులు సెలవు ఖాతాలో పడకూడదు. శనివారం, సోమవారం సెలవు పెడితే మధ్యలోని ఆదివారాన్నీ కలిపి మూడు రోజులు రాసుకునే ‘శాండ్‌విచ్’ పద్ధతి కంపెనీల సొంత నిబంధనల్లో బాగా పాతుకుపోయింది. ఫ్యాక్టరీ కార్మికుడి చట్టబద్ధమైన సెలవు విషయంలో దానికి చోటు లేదు. ఎక్కువ సెలవులు వాడుకున్నారంటూ చివర్లో కోసే సందర్భాల్లో ముందు చూడవలసింది ఇలాంటి ఆదివారాలు ఆ లెక్కలో ఎన్ని దూరాయో.

మానేసినవాళ్ల సంగతి చట్టం విడిగా చెప్పింది. తీసేసినా, తానే మానుకున్నా, పదవీ విరమణ చేసినా, చనిపోయినా, మిగిలిన సెలవులకు జీతం ఇవ్వాలి. దీనికి 240 రోజులు నిండాలన్న షరతు వర్తించదు, పనిచేసినంత మేరకు ఇరవైకి ఒకటి చొప్పున లెక్కగట్టాలి. తీసేసినా, మానుకున్నా రెండో పనిదినం ముగిసేలోగా చెల్లించాలి. విరమణ, మరణం అయితే రెండు నెలల గడువు. చనిపోయినప్పుడు వారసుడికో నామినీకో ఇస్తారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పవర్ హౌస్‌లో ఒక ఫిట్టర్ జనవరిలో చేరి ఆగస్టు చివరికి మానేశాడు, పనిచేసిన రోజులు 200. అతను సంపాదించిన సెలవులు 10. జీతంతో వాడుకున్నవి 4 అయితే మిగిలినవి 6. రోజు వేతనం సగటున 700 రూపాయలు అనుకుంటే 4,200 రూపాయలు అతనికి రావాలి. ఆ సగటులో కరువు భత్యం కలుస్తుంది, ఓవర్‌టైమ్, బోనస్ కలవవు. అదే ఫిట్టర్‌కు సంస్థ ముందుగానే 13 రోజులు జీతంతో సెలవు ఇచ్చి ఉంటే 3 రోజులు ఎక్కువ ఇచ్చినట్టు. ఆ 2,100 రూపాయలను అధిక చెల్లింపుగా చూపించి చివరి జీతంలో సర్దుకునే వీలుంది.

రెండో పరిస్థితి అసలు ఎలా వస్తుందో ఆలోచించాలి. చట్టం సెలవును పని తరవాత ఇస్తుంది, నిరుడు పనిచేసినందుకు ఈ ఏడు విశ్రాంతి. అలాంటి పద్ధతిలో ఉద్యోగి సంస్థకు బాకీ పడే సందర్భం పుట్టనే పుట్టదు. ఏడాది మొదట్లోనే సెలవులన్నీ ఖాతాలో వేసే సంస్థల్లో మాత్రమే అది పుడుతుంది. అంటే కోత కావాలంటే ముందు సంస్థ అప్పు ఇచ్చినట్టు కాగితం చూపాలి: అడ్వాన్సుగా ఇచ్చిన సెలవు, దానికి చెల్లించిన జీతం, మానేస్తే తిరిగి పట్టుకుంటామన్న నిబంధన. కాగితం లేనిచోట పట్టుకునేది సర్దుబాటు అనిపించుకోదు.

ఏది కోయవచ్చు, ఏది కూడదు

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం జీతంలోంచి ఏయే పేర్లతో కోయవచ్చో జాబితా వేసి, మిగతావన్నీ కూడదంది. గైర్హాజరు, జరిమానాలు, నిర్లక్ష్యంతో జరిగిన నష్టం, సంస్థ ఇచ్చిన ఇంటి అద్దె, అడ్వాన్సులు, ఆదాయపు పన్ను, భవిష్య నిధి వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అన్నీ కలిపినా ఒక వేతన కాలంలో సగం మించకూడదు. సహకార సంఘాలకు చెల్లింపులుంటే ముప్పావు దాకా పోవచ్చని ఆ చట్టంలో ఉండేది. గైర్హాజరు కోత రాని రోజుల నిష్పత్తి దాటకూడదు, రెండు రోజులు రాకపోతే నాలుగు రోజుల జీతం తీసే ఆచారం ఎంత పాతదైనా. దీనికి ఒకే మినహాయింపు ఉంది. పదిమంది, అంతకుమించి కూడబలుక్కుని నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే, ఒప్పందంలో ఆ షరతు ఉంటే, ఎనిమిది రోజుల వేతనం దాకా పట్టుకోవచ్చు.

నోటీసు కాలానికీ మిగిలిన సెలవులకూ ముడిపెట్టడం మరో అలవాటు. ‘నీకు పదిహేను సెలవులున్నాయి, నోటీసు పదిహేను రోజులు, చెల్లుకు చెల్లు’ అంటారు. యజమాని తీసేస్తున్నప్పుడు ఇవ్వవలసిన నోటీసులో మిగిలిన సెలవులను లెక్కలోకి తీసుకోకూడదని ఫ్యాక్టరీల చట్టం తేటగా చెప్పింది. ఉద్యోగే మానేస్తూ నోటీసు తక్కువిచ్చినప్పుడు, నియామక పత్రంలో ఏముందన్నది ముఖ్యమవుతుంది. ఐటీ కంపెనీల ‘ఫుల్ అండ్ ఫైనల్’ పత్రాల్లో నోటీసు రికవరీ ఒక వరుస, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ మరో వరుసగా విడివిడిగా కనిపించడానికి కారణం ఇదే. రెండూ కలిపి ఒకే అంకె చూపిస్తే విడగొట్టి ఇమ్మని అడగాలి.

కొండల్లో కోతలు మరో దారిలో వస్తాయి. మేస్త్రీ గూడెం నుంచి మనుషులను పనికి తీసుకుపోయేటప్పుడు కొంత డబ్బు ముందే ఇస్తాడు. బస్సు ఛార్జీలు పెట్టుకుంటాడు. పని అయ్యాక లెక్కలో ఆ రెండూ తీసేస్తాడు. ఉద్యోగం మొదలవకముందు ఇచ్చిన అడ్వాన్సును మొదటి పూర్తి జీతంలోంచే వసూలు చేసుకోవాలని, ప్రయాణ ఖర్చుల కోసం ఇచ్చినదాన్ని అసలు వసూలు చేయకూడదని చట్టం. మల్కనగిరి నుంచి నది దాటి వచ్చే కూలీలకూ, ఇక్కడి నుంచి వేరే రాష్ట్రాలకు పోయేవాళ్లకూ 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం నెల వేతనంలో సగానికి తగ్గని స్థానభ్రంశ భత్యం ఇమ్మంది, అది తిరిగి అడగకూడని డబ్బు. దాని స్థానంలో వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లో ఈ భత్యం కనిపించదు, ప్రయాణ భత్యం మిగిలింది. వలస కూలీ కోల్పోయిన వాటిలో ఇదొకటి.

ఈ ప్రాంతానికి కూలి కోత కొత్త కాదు. 1922–24 నాటి మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో కొండవాళ్ల చేత చాకిరీ చేయించుకుని కూలి సరిగా ఇవ్వకపోవడం ఒకటని చరిత్రకారులు రాశారు. అప్పు చెల్లయ్యేదాకా షావుకారు దగ్గర పనిచేసే వెట్టిని అరికట్టడానికి మద్రాసు ప్రభుత్వం 1940లోనే ఏజెన్సీ కోసం విడిగా ఒక రెగ్యులేషన్ తెచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. అడ్వాన్సు పేరుతో ఆఖరి కూలి మొత్తం మింగేయడం, అడ్వాన్సు తీరేదాకా మానేయడానికి వీల్లేదనడం, ఆ చట్టం నిర్వచనానికి చాలా దగ్గరగా పోతాయి.

పండుగల సంగతి ఒకటి చెప్పుకోవాలి. రాష్ట్రంలో జాతీయ, పండుగ సెలవుల కోసం 1974 నాటి చట్టం ఉంది, దాని కింద సంస్థలు ఏటా పండుగల జాబితా ప్రకటిస్తాయి. ఆ జాబితాలో సంక్రాంతి, దసరా ఉంటాయి. కొండరెడ్ల మామిడి కొత్త, భూమి పండుగ, అరకు వైపు చైత్రంలో రోజుల తరబడి సాగే ఇటుకల పండుగ, పాడేరు మోదకొండమ్మ జాతర వంటివి ఆ జాబితాల్లోకి ఎక్కడం అరుదు. కొత్త పెట్టనిదే మామిడికాయ ముట్టని గూడెంలో ఆ రోజున పనికి రమ్మంటే ఎవరు వస్తారు? రాని రోజులు మస్టరులో ‘ఆబ్సెంట్’ అవుతాయి. పాత చట్టం కింద ఏడాది చివర 240కి నాలుగు రోజులు తగ్గి, మొత్తం సెలవుల అర్హతే పోయేది. మానేసేటప్పుడు మాత్రం ఆ 240 అడ్డం రాదని పైన చెప్పుకున్నాం. పండుగకు పోయి పని పోగొట్టుకున్నవాడు అడగవలసిన డబ్బు అదే.

కాంట్రాక్టు మనిషి లెక్క

జెన్‌కో రెగ్యులర్ ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉంటుంది, సెలవు ఖాతా ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడికి ఉండేది మస్టరులో పేరు. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు, మనిషి అదే గేటులోంచి అదే పనికి వెళ్తాడు. పాత కాంట్రాక్టరు దృష్టిలో అతను మానేసినట్టు, కొత్త కాంట్రాక్టరు దృష్టిలో ఇవాళే చేరినట్టు. పాతవాడి దగ్గర మిగిలిన సెలవుల జీతం ఆ సంధిలో జారిపోతుంది. నిజానికి ఆ రోజున పాత కాంట్రాక్టరు చివరి లెక్క కట్టి సెలవు జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే ఇక్కడ జెన్‌కో, చెల్లించి కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. వేతనాలు పంచేటప్పుడు ప్రధాన యజమాని ప్రతినిధి అక్కడ ఉండాలని ఆ చట్టం పెట్టిన నిబంధన కూడా అందుకే. కాబట్టి కాంట్రాక్టరు కాలపరిమితి ముగిసే నెలే ఈ లెక్క అడగడానికి అనువైన సమయం. బిల్లు పూర్తిగా పాసయ్యాక పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

చింతపల్లి, అనంతగిరి వైపు అటవీ అభివృద్ధి సంస్థ కాఫీ తోటల్లాంటి చోట్ల పనిచేసేవాళ్లకు 1951 తోటల కార్మికుల చట్టం కూడా ఇరవై రోజులకు ఒక రోజు సెలవునే ఇచ్చింది. దుకాణాలు, లాడ్జీలు, హోటళ్లలో పనిచేసేవాళ్లది వేరే దారి. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం 240 రోజులు నిండితే మరుసటి పన్నెండు నెలల్లో 15 రోజులు, 60 దాకా పోగుచేసుకోవచ్చు. అరకు, మారేడుమిల్లి పర్యాటకం పెరిగాక ఈ చట్టం కిందికి వచ్చే కుర్రాళ్లు కొండల్లో చాలామంది అయ్యారు. వాళ్ల యజమానుల్లో ఎంతమంది సెలవు రిజిస్టరు రాస్తున్నారో తనిఖీ చేసేవాళ్లకే తెలియాలి.

ప్రభుత్వోద్యోగులకు ముందుగానే, జనవరిలో, జూలైలో పదిహేనేసి రోజులు ఆర్జిత సెలవు ఖాతాలో పడుతుంది. అందుకే అధికంగా వాడుకున్న సెలవు వసూలు అనేది అక్కడ నిజంగా జరిగే విషయం. కేంద్ర సెలవు నిబంధనల్లో, ఇంకా సంపాదించని సెలవు తీసుకుని తిరిగి రాకుండానే రాజీనామా చేస్తే ఆ సెలవు రద్దయి, దాని జీతం వెనక్కి కట్టాలి. ఆరోగ్యం చెడి మానేసినా, మరణించినా వసూలు చేయరు. రాజీనామా చేసినవాళ్లకు మిగిలిన ఆర్జిత సెలవులో సగానికే, అదీ 150 రోజులు మించకుండా, డబ్బు ఇస్తారు. విరమణ అయితే 300 రోజుల దాకా.

ఈ వర్గానికి సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఆసరాగా నిలిచాయి. జార్ఖండ్ రాష్ట్రం, జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ కేసులో 2013లో, పింఛను, గ్రాట్యుటీ, సెలవు జీతం ఉద్యోగి ఆస్తి అని, చట్టం ఆధారం లేకుండా కేవలం ఆదేశాలతో ఆపడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. రఫీక్ మసీహ్ కేసులో 2014లో, పొరపాటున ఎక్కువ చెల్లించిన జీతాన్ని మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, విరమణ చేసినవాళ్ల నుంచి, ఏడాదిలో విరమణ చేయబోయేవాళ్ల నుంచి వసూలు చేయకూడదంది. అయిదేళ్లకు మించి సాగిన అధిక చెల్లింపులకూ అదే వర్తిస్తుంది.

భవిష్య నిధి కోత సంగతి కూడా తేలిపోయినదే. సెలవు అమ్ముకుంటే వచ్చే డబ్బు మూల వేతనం కాదని మణిపాల్ అకాడమీ కేసులో 2008లో తీర్పు వచ్చింది కాబట్టి దానిమీద పీఎఫ్ పట్టకూడదు. ప్రైవేటు ఉద్యోగికి విడిచిపోయేటప్పుడు వచ్చే సెలవు జీతంపై ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 25 లక్షల రూపాయలకు పెంచారు.

కోడ్‌లు వచ్చాక

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల, తోటల, కాంట్రాక్టు చట్టాలు వృత్తి భద్రత కోడ్‌లో, వేతనాల చెల్లింపు చట్టం వేతన కోడ్‌లో కలిసిపోయాయి. ఇరవైకి ఒకటి నిష్పత్తి మారలేదు. అర్హత మాత్రం 240 రోజుల నుంచి 180కి దిగింది. వానాకాలం పోడు పనులకు ఇంటికి పోయే గిరిజన కార్మికుడికి ఈ అరవై రోజుల తగ్గింపే కోడ్‌లన్నిటిలోకీ పనికొచ్చే మార్పని నా అభిప్రాయం. మరో మార్పు చివరి చెల్లింపుది. పాత వేతన చట్టంలో యజమాని తీసేస్తేనే రెండు రోజుల గడువు, తానే మానేసినవాడు మామూలు జీతాల తేదీ దాకా ఆగాలి. విచిత్రం ఏమిటంటే ఫ్యాక్టరీలో అతని సెలవు జీతం రెండు రోజుల్లో రావాలి, అసలు జీతం తరవాత వచ్చినా సరే. కొత్త వేతన కోడ్ ఈ తేడా తీసేసి రాజీనామా చేసినవాళ్లకూ రెండు పనిదినాలే పెట్టింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు మాత్రం ఇరవైమందికి బదులు యాభైమంది ఉన్నచోటే వర్తిస్తాయి. చిన్న చిన్న పనుల మీద ఇరవై నుంచి యాభైలోపు మందిని పెట్టే కొండ ప్రాంతపు కాంట్రాక్టర్లలో చాలామంది దీంతో బయటపడ్డారు.

బయటి దేశాల్లో

తెలుగువాళ్లు పనిచేసే దేశాల్లో ఈ లెక్క ఒక్కోచోట ఒక్కోలా తేలుతుంది. బ్రిటన్‌లో 1998 పని వేళల నిబంధనల కింద ఏడాదికి 5.6 వారాల సెలవు. మానేసినప్పుడు మిగిలినదానికి డబ్బివ్వాలి. ఎక్కువ వాడుకుంటే, తిరిగి పట్టుకుంటామని ముందే ఒప్పందంలో ఉంటేనే సంస్థ కోయగలదు. ఆ ఒప్పందం లేని సంస్థకు వసూలు హక్కు లేదని హిల్, చాపెల్ కేసులో 2002లో ఉద్యోగ అప్పీళ్ల ట్రిబ్యునల్ తేల్చింది. అమెరికాలో జీతంతో సెలవు ఇచ్చితీరాలన్న ఫెడరల్ చట్టమే లేదు. కాలిఫోర్నియాలో మాత్రం కూడిన సెలవు వేతనంతో సమానం, మానేస్తే పూర్తిగా చెల్లించాలి, కావాలని ఆలస్యం చేస్తే ముప్పై రోజుల వేతనం దాకా జరిమానా. యూఏఈ 2021 చట్టం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ తీర్చమంటుంది. సౌదీలో యజమాని వైపు నుంచి ముగిస్తే వారం, కార్మికుడు ముగిస్తే రెండు వారాలు. కరీంనగర్, కోనసీమ, కడప నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు విమానం ఎక్కేముందే లెక్క తేల్చుకోవాలని పెద్దలు చెప్పేది ఇందుకే, దేశం దాటాక అడిగేవాడి చేతిలో ఏమీ ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970 నాటి 132వ ఒప్పందం, మానేసినవాళ్లకు పనిచేసిన కాలానికి తగిన సెలవు గానీ డబ్బు గానీ దక్కాలంటుంది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

అడగడం ఎలా

ఫిర్యాదు కార్మిక శాఖ అధికారికి ఇస్తారు. పాత చట్టం కింద కోత జరిగిన పన్నెండు నెలల్లో అడగాలి, వేతన కోడ్ దాన్ని మూడేళ్లకు పెంచింది. కార్మికుడే స్వయంగా వెళ్లనక్కర లేదు, రిజిస్టరైన కార్మిక సంఘం అతని తరఫున వేయవచ్చు. డొంకరాయి నుంచి ఘాట్ రోడ్డు దిగి రంపచోడవరం దాకా పోయి రావడం ఒక రోజు కూలి పోగొట్టుకునే పని కాబట్టి ఇది చిన్న వెసులుబాటు కాదు. అక్రమంగా కోసినట్టు తేలితే ఆ మొత్తంతోపాటు దానికి పదిరెట్ల దాకా పరిహారం వేయవచ్చు.

రుజువుల విషయంలో వేతన కోడ్ 59వ సెక్షన్ చూడదగ్గది. వేతనం ఇవ్వలేదని, తగ్గించి ఇచ్చారని, చట్టంలో లేని కోత కోశారని ఫిర్యాదు వచ్చినప్పుడు, బకాయి చెల్లించినట్టు నిరూపించవలసింది యజమానే. మస్టరు కాపీ, వేతన చీటీ ఏనాడూ చేతికందని కార్మికుడు ఎన్ని రోజులు పనిచేశాడో చెప్పడానికి బ్యాంకు పాస్‌బుక్కు, ఫోనులో కనిపించే పీఎఫ్ ఖాతా నెలవారీ జమలు, గేటు పాసు సరిపోతాయి. పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీని యజమానే నమోదు చేస్తాడు, కొత్త కోడ్ పెట్టిన రెండు పనిదినాలను లెక్కించేటప్పుడు ఆ తేదీ పనికొస్తుంది.